థీసియస్ లేని బొమ్మ

1885 జులై మొదట్లో ఒక సాయంకాలం. లండన్ నార్తంబర్లాండ్ వీధిలో నిలబడ్డారు మీరు. కాలు పెట్టే సందు లేదు. పాల్‌మాల్ గెజెట్ ఆఫీసు మీదికి జనం ఎగబడుతున్నారు. డబ్ల్యూ.హెచ్. స్మిత్ స్టాళ్లలో ఈ పేపరు అమ్మబోమన్నారు, ఇక అందరూ ఇక్కడికే వచ్చి పడ్డారు. మీ భుజం మీదుగా ఎవరిదో చేయి దూసుకొచ్చి ఓ కాపీ లాక్కుపోతుంది. ఎలాగో మీకూ ఒకటి దొరికింది.

లండన్‌లో బీదింటి ఆడపిల్లలను ఎవరు కొంటున్నారో, ఎలా కొంటున్నారో ఎడిటర్ డబ్ల్యూ.టి. స్టెడ్ బయటపెట్టాడు. మొదలుపెట్టడమే గ్రీకు కథతో మొదలుపెట్టాడు. ఏథెన్స్ నగరం క్రీట్ రాజుకు ఏడుగురు కుర్రాళ్లను, ఏడుగురు కన్నెపిల్లలను కప్పంగా పంపాలి. దారి తెలియని కోటలో ఎద్దు తల మీనోటార్‌కు వాళ్లే ఆహారం. ఏకచక్రపురం, బకాసురుడు, వంతులు మీకు గుర్తొచ్చే ఉంటాయి. అక్కడ భీముడొచ్చినట్టే ఇక్కడ థీసియస్ అనే వీరుడు వచ్చాడు.

ఇప్పుడు కెన్సింగ్టన్ వెళ్దాం, మెల్‌బరీ రోడ్డుకు. ఇంకా తెల్లగా తెల్లవారలేదు. స్టెడ్ రాసింది చదివిన 68 ఏళ్ల చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ అప్పుడే కుంచె పట్టేశాడు. పక్కనే మరో చిత్రకారుడు ఫ్రెడరిక్ లేటన్ ఇల్లు. లేటన్ పటాల్లోని గ్రీకు సుందరులు నలగని చీరకుచ్చెళ్లలాంటి మడతల బట్టల్లో, పాలరాతి మెట్ల మీద తీరిగ్గా ఉంటారు. ఆ కాలంలో గ్రీకు పురాణం మంచి చాటు. వీనస్ అని పేరు పెడితే చాలు, బట్టల్లేని స్త్రీని రాయల్ అకాడమీ గోడకెక్కించవచ్చు. దానికీ గొడవ చేసినవాళ్లున్నారు. ఆ మే నెలలోనే ‘బ్రిటిష్ మేట్రన్’ అన్న సంతకంతో టైమ్స్ పత్రికకు ఫిర్యాదు ఉత్తరం వెళ్లింది. పటంలోని వీనస్‌ను చూసి సిగ్గుపడిన ఊరే అది, వీధిలో పిల్లల బేరాన్ని చూడనట్టు ఊరుకున్న ఊరూ అదే.

వాట్స్ బొమ్మకు ఇంకో అడుగు దగ్గరగా రండి. నాలుగడుగుల ఎత్తు కూడా లేదు. గోధుమరంగు మోటు శరీరం, బలిసిన మెడ, కొమ్ములు. మీనోటార్ పిట్టగోడ మీదికి వాలి సముద్రం వైపు చూస్తున్నాడు. ముఖంలో కోపం లేదు. ఓడ ఎప్పుడొస్తుందా అన్న ఎదురుచూపే. అది చూస్తే కొంచెం జాలి కూడా వేస్తుంది, అందుకే ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు చేతి కింద చూడండి: చిన్న పిట్ట, నలిగిపోయి ఉంది. అతని చూపు దాని మీద లేనే లేదు.

మూడు గంటల్లో గీశాడని చెబుతారు. ఏళ్ల తరబడి ఒక్కో పటాన్ని దిద్దుకునే మనిషి! థీసియస్‌కు మాత్రం ఇందులో చోటివ్వలేదు. వీరుడొస్తే కథ ముగుస్తుంది, చూసేవాడు ఊపిరి పీల్చుకుని ఇంటికి పోతాడు. వాట్స్ ఆ వెసులుబాటు ఇవ్వదలచుకోలేదు. నా లెక్కలో విక్టోరియా కాలపు గ్రీకు పటాలన్నిటిలోకీ నిజాయితీ గలది ఇదే.

స్టెడ్ రాతల తర్వాత, ఆగస్టు 14న చట్టం మారింది. ఆడపిల్ల సమ్మతి వయసు 13 నుంచి 16కు పెరిగింది. పిల్లను కొనడం ఎంత తేలికో చూపడానికి తానే ఒక పిల్లను కొన్న స్టెడ్ మూడు నెలలు జైల్లో ఉన్నాడు. వాట్స్ ఆ బొమ్మను అమ్ముకోలేదు. 1897లో దేశానికి కానుకగా ఇచ్చాడు, ఇప్పుడది టేట్ గ్యాలరీ సొత్తు.