పోటీ నియమాలూ తెలుగు చదరంగమూ

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలతో సహా రాయలసీమ పల్లెల్లో, బండలపై గీసిన గీతల మీద తరతరాలుగా సాగుతూ వచ్చిన పులిజూదానికి వ్యూహగాంభీర్యం ఏనాడూ కొరవడలేదు. కొరవడినవి లిఖిత నియమావళి, కాలపరిమితి, ఫలితాలను నమోదుచేసే సంస్థ. వినోదం వృత్తిగా పరిణమించడానికి మేధతోపాటు ఇవీ ఆవశ్యకాలేనన్న సంగతి చైనాలోని వైచీ చరిత్రలో స్పష్టంగా గోచరిస్తుంది. 361 కూడళ్ళ పలకపై ఆడే ఆ ప్రాచీనక్రీడకు 1982లో వృత్తిశ్రేణులు ఏర్పడ్డాయి. 1999లో జట్ల లీగ్ ఆరంభమైంది. ముందుగా ఆడే నల్లరాళ్ళకు సహజంగా లభించే ఆధిక్యాన్ని తుల్యపరచడానికి తెల్లరాళ్ళకు 7.5 పాయింట్ల పరిహారం నేడక్కడ అమలులో ఉంది.

చైనాలో వైచీకి దక్కినంతటి రాజపోషణ తెలుగునాట చదరంగానికి లభించలేదు. ఆ లోటును కొంత అంతర్జాతీయ సమాఖ్య నియమాలు, అధికభాగం కుటుంబాలు పూరించాయి. మూడు నార్మ్‌లు (పోటీలలో కనబరచవలసిన నిర్ణీతస్థాయి ప్రదర్శనలు), 2500 రేటింగ్ సాధించినవారు ఎవరైనా గ్రాండ్‌మాస్టరే. ఎవరి ప్రాపకంతోనూ పనిలేని ఈ కొలమానం చిన్నపట్టణాల ప్రతిభకు మహోపకారం చేసిందనడం నిస్సంశయం. అయితే ఆ నార్మ్‌లకు కావలసిన పోటీలు చాలావరకు ఐరోపాలోనే జరిగేవి గనుక, నియమం నిష్పాక్షికమైనా దాని వ్యయభారం మాత్రం తల్లిదండ్రుల మీదనే పడింది. గుంటూరు బిడ్డడు పెంటేల హరికృష్ణ 2001లో ఆ బిరుదు పొందగా, మరుసటి ఏడు బుడాపెస్ట్‌లో కోనేరు హంపి, 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో, గ్రాండ్‌మాస్టరైన అతిపిన్న మహిళగా జుడిత్ పోల్గార్ నెలకొల్పిన రికార్డును అధిగమించింది. ఆమె శిక్షణకై అధ్యాపకవృత్తిని విడిచిన తండ్రి అశోక్ త్యాగాన్ని విస్మరించి ఈ ఘట్టాన్ని వ్రాయడం అన్యాయం. ఒక తండ్రి త్యాగంపై అంతగా ఆధారపడవలసిరావడం వ్యవస్థకు గౌరవమూ కాదు.

అదే 2002లో హైదరాబాదు ప్రపంచకప్పుకు వేదికైంది. పురుషుల విభాగంలో విశ్వనాథన్ ఆనంద్, మహిళల విభాగంలో చైనా క్రీడాకారిణి షూ యుహువా విజేతలు. 2008లో హంపి రికార్డును చైనాకే చెందిన హౌ ఇఫాన్ తిరగరాసింది. 2011లో టిరానాలో మహిళల ప్రపంచకిరీటానికై జరిగిన ద్వంద్వపోటీలో, పది ఆటలకు గాను ఎనిమిదింటితోనే, 5.5-2.5 తేడాతో హంపినే ఓడించింది. ఆ పరాజయానికి చైనా వ్యవస్థాబలం ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. హౌ అసాధారణ ప్రతిభాశాలి. కాని దీర్ఘ ద్వంద్వపోటీలో ఏళ్ళతరబడి కూడబెట్టిన సామూహిక సన్నాహం పనిచేసినంతగా, వేగచదరంగంలో పనిచేయదు. అక్కడ నిమిషాల వ్యవధిలో అనుభవమూ నిబ్బరమూ నిర్ణాయకాలవుతాయి. మాతృత్వ విరామానంతరం 2019లో మాస్కోలో, సమాన పాయింట్లతో నిలిచిన చైనా క్రీడాకారిణి లే టింగ్‌జీని టైబ్రేక్‌లో అధిగమించి హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలుచుకున్నది. 2024లో న్యూయార్క్‌లో రెండవమారూ కైవసం చేసుకున్నది.

2025లో బటుమి మహిళల ప్రపంచకప్పు సెమీఫైనల్లోనూ లే టింగ్‌జీపై టైబ్రేక్‌లోనే నెగ్గిన హంపి, ఫైనల్లో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా కాగా, ర్యాపిడ్‌లో 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓటమిని అంగీకరించవలసివచ్చింది.