చవక పవర్ సప్లైతో బ్యాటరీ చార్జింగ్: పాటించవలసిన రెండు హద్దులు

ఇన్వర్టర్‌లో చార్జింగ్ భాగం పాడైనా, ముసురు పట్టి సోలార్ ప్యానెల్ పనిచేయకపోయినా మంచి బ్యాటరీలు కూడా ఖాళీగా పడి ఉంటాయి. లెడ్ ఆసిడ్ బ్యాటరీని అలా వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జి పెట్టినా పాత సత్తువ రాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు నిండా చార్జి అయి ఉన్న బ్యాటరీయే అక్కరకొస్తుంది. ఇన్వర్టర్ చార్జర్ బాగున్నవారికి ఈ అమరిక అవసరం లేదు.

నేరుగా ఎందుకు కలపకూడదు

ఎల్‌ఈడీ బోర్డులకు వాడే ఎస్‌ఎంపీఎస్ ఏ ఊరి ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా ఈ పేరుతోనే దొరుకుతుంది. అది వోల్టేజిని నిలబెడుతుంది. కానీ ఖాళీ బ్యాటరీ దాని శక్తికి మించి కరెంటు లాగుతుంది. అప్పుడు సప్లై ఆగుతూ, మళ్లీ మొదలవుతూ కొట్టుకుంటుంది, లేదా కాలిపోతుంది. కాబట్టి వోల్టేజికీ కరెంటుకీ రెండింటికీ హద్దు ఉండాలి.

కావలసినవి

• 24 వోల్టులు, 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్
• సీసీ-సీవీ బక్ మాడ్యూల్. 20 ఆంపియర్లని రాసి ఉన్నా సగానికి మించి వాడకూడదు
• 20 ఆంపియర్ల షాట్కీ డయోడ్, హీట్ సింక్‌తో. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నుంచి వెనక్కి పారకుండా ఆపుతుంది
• 15 ఆంపియర్ల ఫ్యూజు, మల్టీమీటరు, మందపాటి రాగి తీగ

అమరిక

1. సప్లై పక్కన 115/230 మీట ఉంటే 230 వైపు ఉందో లేదో ముందే చూడాలి. మూడు పిన్నుల ప్లగ్గు వాడి ఎర్తు తప్పక కలపాలి.

2. మాడ్యూల్ ప్లస్ నుంచి డయోడ్, దాని తర్వాత ఫ్యూజు, ఆపై బ్యాటరీ ప్లస్. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

3. బ్యాటరీ కలపకముందు డయోడ్ అవతల కొలుస్తూ 13.8 వోల్టులకు తిప్పాలి.

4. కరెంటు స్క్రూను పూర్తిగా తగ్గించి, మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, కొద్ది సెకన్లలోనే 8 ఆంపియర్లకు తేవాలి.

5. ప్లస్, మైనస్ రెండుసార్లు సరిచూసి బ్యాటరీ కలపాలి. చార్జింగ్ చివరి దశలో బ్యాటరీ టెర్మినళ్ల మీదే మళ్లీ కొలిచి 13.8కి సరిదిద్దాలి.

లెక్క

చార్జింగ్ కరెంటు బ్యాటరీ ఆంపియర్-అవర్లలో పదోవంతు మించకుండా చూడాలి. 150 ఏహెచ్ బ్యాటరీకి 15 ఆంపియర్లు గరిష్ఠం. మేము చెప్పిన 8 ఇంకా సురక్షితం. 100 ఏహెచ్ బ్యాటరీకి కూడా ఇదే సరిపోతుంది. సగం ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి 12 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పడుతుంది. 13.8 వోల్టులు 25 డిగ్రీలకు చెప్పే లెక్క. బ్యాటరీ ఉన్న చోట 40 డిగ్రీల వేడి ఉంటే 13.5 చాలు.

రెండు బ్యాటరీలు పక్కపక్కన కలిపితే వయసూ సామర్థ్యమూ ఒకటే కావాలి. చార్జర్ ప్లస్ మొదటి బ్యాటరీకీ మైనస్ చివరి బ్యాటరీకీ ఇస్తే రెండూ సమంగా నిండుతాయి.

జాగ్రత్తలు

• చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది. పూజగదిలో, దీపం దగ్గర, తలుపులు మూసిన గదిలో పెట్టకూడదు.
• డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.
• లిథియం బ్యాటరీలకు ఈ అమరిక వాడవద్దు. వాటికి వేరే చార్జరు కావాలి.
• ఎస్‌ఎంపీఎస్ మూత తీయవద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.
• 230 వోల్టుల వైపు పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. మొదటి రాత్రి ఎవరో ఒకరు మెలకువగా ఉండి, తీగలూ డయోడూ ఎంత వేడెక్కుతున్నాయో గంటకోసారి చూసుకోవాలి.