కొండబాటలో రెండు బైసికిళ్లు

సముద్రతీరము నంటి కొండలున్న దేశమున బైసికిలుయాత్ర చేయుట మైదానమున చేయుటవంటిది కాదు. బాట యేటిలోయలోనికి దిగును; దిగినవెంటనే మరల మిట్ట యెక్కును. ఎక్కిన యెత్తు యాత్రికునకు మిగులదు. 1890 ప్రాంతపు బైసికిలున కీ పని మఱింత కఠినము. దానికి గేర్లు లేవు. చక్రము తిరిగినంతసేపును పెడళ్లు తిరుగవలసినదే. పల్లమున కాళ్లు పైకి తీసి, ముందుచక్రపు రబ్బరును నొక్కెడి చిన్న బ్రేకును నమ్ముకొని దిగెడివారు. కొందఱు చెట్టుకొమ్మను వెనుక గట్టి యీడ్పించి వేగము తగ్గించుకొనెడివారు. మిట్ట నిట్రమైనచో దిగి త్రోయుటయే. ఇట్టి బండిపై, పొడవగు లంగాతో, ఒక స్త్రీ భర్తతోపాటు పర్వతములు దాటెనన్నచో నది యుబుసుపోకకు చెప్పుకొను మాట కాదు.

దంపతుల చక్రయాత్రలకు పేరు తెచ్చినవారిలో పెన్నెల్ దంపతులు ముందువారు. అమెరికాదేశీయులగు వీరు 1884లో వివాహమాడి, ఆ యేడే ఇటలీలో ఫ్లారెన్సునుండి రోమువఱకు ప్రయాణించిరి. వారెక్కినది యిద్దఱును గలసి త్రొక్కెడి మూడుచక్రముల బండి. జోసెఫు చిత్రకారుడు, ఎలిజబెత్తు రచయిత్రి. 1885లో వెలువడిన వారి కాంటర్బరీయాత్రా గ్రంథముపై నిరువురి పేళ్లును గలవు. ఆయన పేరు ముందు. ఒకే బండిపై మిట్ట యెక్కునపుడు ఎవరి కాళ్లబల మెంతయో చూచువారికి తెలియదు. భార్య చెమటోడ్చి త్రొక్కుచున్నను, ఆమె యూరక కూర్చున్నదనియే బాటసారి తలచును. మన యిండ్లలో వంటపనికిని చిరకాలముగా నిట్టి లెక్కయే జరిగినది.

ఈ లెక్కను మార్చినవి రెండు కల్పనలు. 1885లో స్టార్లీ తయారుచేసిన సమానచక్రముల బైసికిలు ఒకటి. 1888లో డన్‌లప్పు కనిపెట్టిన గాలిరబ్బరు రెండవది. ఎవరి బండి వారిదైనది. ఎలిజబెత్తు తన సొంత బైసికిలుపై ఆల్ప్సు కనుమలు దాటిన కథను 1898లో ప్రకటించెను.

అంతకు ముందే వేఱొక జంట యీ మార్గమున బయలుదేఱినది. ఫానీ బుల్లక్ వర్క్‌మన్ మసాచుసెట్సు గవర్నరు కూతురు. భర్త విలియం హంటర్ వైద్యుడు, ఆమెకంటె పండ్రెండేండ్లు పెద్ద. స్త్రీలు బైసికి లెక్కిన వారి యారోగ్యము చెడునని వైద్యులు కొందఱు భయపెట్టుచున్న దినములలో నీ వైద్యుడు భార్యప్రక్కన తన బండి త్రొక్కెను. అల్జీరియాదేశమున మధ్యధరాసముద్రపుటొడ్డును అట్లాసు కొండలను దాటి సహారావఱకు సాగిన వారి యాత్రాగ్రంథము 1895లో వెలువడెను. ఆ సంవత్సరమే స్పెయినులో సుమారు 2,800 మైళ్లు తిరిగిరి. ఒక్కొక్కరి బండిపై ఇరువది పౌన్ల సామాను. దినమునకు సగటున 45 మైళ్లు, ఒక్కొక్కప్పుడు 80. అప్పుడామె కేండ్లు ముప్పదియాఱు. ఈ గ్రంథములపై ఆమె పేరే ముందున్నది.

అయినను ఆ బాట లెవరు వేసిరో మన మడుగవలయును. ఫ్రెంచివారు 1830లో ఆల్జీర్సును పట్టుకొని, 1962 వఱకు ఆ దేశము నేలిరి. తీరమునకు చేరువనున్న కబైలీ కొండలలోనికి 1857లో బాట వేసినది దండయాత్రకు వచ్చిన సైన్యము. 1871లో కబైలులు తిరుగబడి యోడిపోగా వారి భూములు విస్తారముగా జప్తు చేయబడెను. వారి యూళ్లు కొండకొప్పులమీద, ఊటలు దిగువను. కబైలు స్త్రీ నీటికుండ నెత్తుకొని ప్రతిదినమును మిట్ట యెక్కెడిది. దాని నెవ్వరును మైళ్లలో లెక్కింపలేదు. ఫానీ తాను చూచిన దేశముల స్త్రీల దుస్థితిని గుఱించి వ్రాసినమాట నిజమే. పాలకుల విషయమున నామె కంత కఠినత లేదని మాకు తోచును.

ఆమెను దూషించువారు వేఱొక తప్పు చూపుదురు. 1884లో పుట్టిన కూతురు రేచెలును దాదులకును పాఠశాలలకును విడిచి తిరిగినదట. తండ్రియు తిరిగెను గదా! ఆయన నెవ్వరు నడుగలేదు. ఆ రేచెలు భూగర్భశాస్త్రము చదివి, 1919లో లండను భూగర్భశాస్త్రసంఘము తొలిసారి చేర్చుకొన్న స్త్రీసభ్యులలో నొకతె యయ్యెను.

1897 తుదిని దంపతులు మనదేశపు యాత్రకు పూనుకొనిరి. దక్షిణపుగొననుండి హిమాలయములవఱకు సుమారు 4,000 మైళ్లు బైసికిళ్లపైనే సాగిరి. చక్రములలో ముండ్లు దిగి ఒక్కదినముననే నలువదిసార్లు రబ్బరు బాగుచేసికొనిన సందర్భములును గలవు. సిలోను, జావా, బర్మాలతో గూడి 14,000 మైళ్ల యీ ప్రయాణము 1904లో గ్రంథరూపమున వచ్చెను. 1898 వేసవిలో ఎండకు తాళలేక బైసికిళ్లు విడిచి హిమాలయమున కెక్కిరి. నాటినుండి పర్వతారోహణమే వారి వృత్తియైనది. బైసికిలుపై తమ బరువు తామే మోసికొన్న వీరికి కొండలలో కూలీలు కావలసివచ్చిరి. ఆ కూలీలతో వారికి పొసగలేదు. వారి భాషను, అలవాటులను, చలిని, భయమును వీరు గ్రహింప యత్నించినది స్వల్పము. ఈ విషయమున చరిత్రకారులు వారిని నిందించుట న్యాయమే. 1912లో సియాచెను హిమానదిపై 21,000 అడుగుల యెత్తున 'స్త్రీలకు వోట్లు' అను పత్రికను చేత విప్పి ఫానీ చిత్రము తీయించుకొనెను. ఆ యాత్రలో సామాను మోసినది బాల్టీ కూలీలు.

1925లో ఆమె ఫ్రాన్సు దక్షిణతీరమున కాన్సు నగరమున మరణించెను. అమెరికాలోని నాలుగు స్త్రీకళాశాలలకు 1,25,000 డాలర్లు వ్రాసియిచ్చెను. భర్త 1937 వఱకు జీవించెను.