ఆన్‌లైన్ అసైన్‌మెంట్: చరిత్ర

విద్యార్థి రాతపనిని లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టం (ఎల్‌ఎంఎస్) ద్వారా గడువులోగా తీసుకుని, దిద్ది, మార్కులతోనూ వ్యాఖ్యలతోనూ తిరిగి ఇచ్చే ఏర్పాటే ఆన్‌లైన్ అసైన్‌మెంట్. దీన్ని కంప్యూటర్ల చరిత్రలో ఒక అధ్యాయంగా చూడడం పరిపాటి. అలా చూసేవారు 1960లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ రూపొందించిన ప్లేటో వ్యవస్థతో కథ మొదలుపెడతారు. అందులో సగమే నిజం. ప్లేటో ప్రశ్న వేసి, జవాబును అక్కడికక్కడే సరిచూసేది. నేటి ఆన్‌లైన్ క్విజ్‌కు అది పూర్వరూపం. నాలుగు పేజీలు రాసి పంపితే దూరాన ఉన్న ఒక మనిషి చదివి, తప్పొప్పులు చెప్పి తిప్పి పంపే పద్ధతి మాత్రం తపాలా నుంచి వచ్చింది. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఎల్‌ఎంఎస్‌లు కాగితాలు తీసుకోవడంలో చూపిన శ్రద్ధను జవాబు చెప్పడంలో చాలాకాలం చూపలేదు.

బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చిన 1840లోనే ఐజాక్ పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌ను తపాలాలో నేర్పడం మొదలుపెట్టాడు. విద్యార్థులు అభ్యాసాలు పంపేవారు, అవి దిద్దుబాటుతో తిరిగి వెళ్లేవి. 1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న బ్రిటిష్ ఓపెన్ యూనివర్సిటీ ఈ పద్ధతిని ఒక వ్యవస్థగా మలిచింది. అక్కడ ట్యూటర్ దిద్దే అసైన్‌మెంట్లు, కంప్యూటర్ దిద్దేవి వేరువేరుగా ఉండేవి. అంటే రెండు వంశాలూ ఒకే చోట పక్కపక్కనే నడిచాయి. ట్యూటర్ వేసిన మార్కులతో సరిపెట్టుకోకుండా, రాసిన వ్యాఖ్యల నాణ్యతను కూడా పైవారు పరిశీలించడం ఆ సంస్థ గొప్పదనం. భారతదేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో వచ్చిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో), ట్యూటర్ దిద్దే అసైన్‌మెంట్లను దేశమంతటా లక్షల మందికి అలవాటు చేసింది.

వెబ్ వచ్చాక కెనడాలో మరే గోల్డ్‌బర్గ్ తయారుచేసిన వెబ్‌సీటీ, 1997లో అమెరికాలో పుట్టిన బ్లాక్‌బోర్డ్, 2002లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన మూడుల్ అనే ఎల్‌ఎంఎస్‌లు వరసగా రంగంలోకి దిగాయి. తొలి బ్లాక్‌బోర్డ్ కూర్పుల్లో డిజిటల్ డ్రాప్ బాక్స్ అనే సౌకర్యం ఉండేది. అందులో ఫైలును చేర్చడం ఒక బటన్, పంపడం మరో బటన్. చేర్చి ఊరుకున్న విద్యార్థి పని అయిపోయిందనుకునేవాడు, అధ్యాపకుడికి మాత్రం ఏమీ అందేది కాదు. ఇదే చిక్కు నేటికీ వేరే రూపంలో ఉంది: మూడుల్‌లో విద్యార్థి చివరి సబ్మిట్ బటన్ నొక్కి తీరాలన్న సెట్టింగ్ పెడితే, నొక్కనివారి పని చిత్తుప్రతిగానే మిగిలిపోతుంది. చిత్తుప్రతిని సరిదిద్దుకునే అవకాశం ఇవ్వడం మంచిదే. ఆ సంగతి అసైన్‌మెంట్ వివరణలో ఒక్క వాక్యంలో చెప్పకపోవడమే అన్యాయం.

2012లో మూడుల్ 2.3 కూర్పు అప్పటిదాకా నాలుగు రకాలుగా ఉన్న అసైన్‌మెంట్లను ఒకే పరికరంగా కలిపింది. ఆ తర్వాతి కూర్పుల్లో గడువు తేదీకీ, తలుపు మూసే తేదీకీ తేడా ఏర్పడింది: మొదటిది దాటితే ఆలస్యమని నమోదవుతుంది, రెండోది దాటితే పని తీసుకోరు. ఒక్కొక్కరికి గడువు పొడిగించడం, పేరు తెలియకుండా దిద్దడం, మార్కులన్నీ సరిచూశాకే ఒక్కసారిగా విడుదల చేయడం కూడా వచ్చాయి. ఇవన్నీ దూరవిద్య కార్యాలయాల్లో కాగితాల మీద నడిచిన పద్ధతులకు దగ్గరి చుట్టాలు. విద్యార్థి పుట మీదనే వ్యాఖ్య రాసే వీలు మాత్రం మూడుల్‌లో 2013 చివర్లో గాని రాలేదు, అదీ పీడీఎఫ్‌లకే. అంతకుముందు ఫైలు దించుకుని, దిద్ది, మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. ఎర్ర సిరా కలంతో మార్జిన్‌లో సులువుగా సాగిన పని, సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి పదకొండేళ్లు వెనకబడింది.

గడువు, నకళ్ల నిఘా లేకుంటే నిజాయతీగా రాసేవారికి అన్యాయం జరుగుతుంది కదా అని అడగవచ్చు. జరుగుతుంది. అందుకే 1998లో మొదలైన టర్నిటిన్ వంటి పోలికల తనిఖీ అంత వేగంగా వ్యాపించింది. కాని ఆ నివేదికలోని శాతం చెప్పేది పాఠాల మధ్య పోలికనే, దొంగతనాన్ని కాదు; ఉటంకింపులు, గ్రంథసూచి కూడా ఆ లెక్కలోకి రావచ్చు. చదివి నిర్ణయించాల్సింది మనిషే. ఇంకో ఆక్షేపణ మరింత బరువైనది: వేలమందికి ఎవరు జవాబు రాస్తారు? ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల్లో వారంవారం వచ్చే అసైన్‌మెంట్లు ఎక్కువగా యంత్రం దిద్దేవే. తుది ఫలితంలో వాటి వాటా సాధారణంగా 25 శాతం, మిగతా 75 పర్యవేక్షణలో జరిగే పరీక్షది. అంత పెద్ద సంఖ్యకు ఇది న్యాయమైన ఏర్పాటే. అయితే అది ప్లేటో వంశానిది. అరవైమంది ఉన్న డిగ్రీ తరగతికి కూడా అదే నమూనా తెచ్చి, ఫైలు అందిందన్న రశీదుతో సరిపెట్టడానికి విద్యార్థుల సంఖ్య సాకు కాలేదు.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక వివాదం కొత్త చోటికి మళ్లింది. టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో కృత్రిమ మేధ రాతను గుర్తించే సౌకర్యం తెచ్చింది. అదే ఏడాది జులైలో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత గుర్తింపు పరికరాన్ని కచ్చితత్వం చాలదని ఉపసంహరించుకుంది. ఆగస్టులో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం టర్నిటిన్ కొత్త సౌకర్యాన్ని ఆపేసింది. తుది ఫైలు ఒక్కటే సాక్ష్యంగా నిలవలేని ఈ దశలో, రచన పెరిగిన తీరును చూపే మధ్య ప్రతులను అడిగి, ఒక్కో ప్రతికీ అధ్యాపకుడి వ్యాఖ్య చేర్చే పద్ధతికి బలం పెరిగింది. ఎల్‌ఎంఎస్‌లో అందుకు కొత్త పరికరం అక్కర్లేదు: ఒకే అసైన్‌మెంట్‌కు ఒకటికి మించిన ప్రయత్నాలను అనుమతించే సెట్టింగ్ మూడుల్‌లో ఇప్పటికే ఉంది.