పిల్లి అదే పనిగా గోక్కుంటోందా? కుక్కల మందు వేస్తే ప్రాణాలకే ముప్పు!

పెంపుడు పిల్లి ఒంటిని తెగ నాకేస్తోందా? పొట్ట మీద, తొడల మీద వెంట్రుకలు ఊడి బోసిగా కనిపిస్తున్నాయా? మెడ చుట్టూ ఆవగింజల్లాంటి పొక్కులు తగులుతున్నాయా? అయితే అది చర్మ అలర్జీ కావచ్చు.

అసలు కారణం ఏంటి?
పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్లీస్ అలర్జీ. ఫ్లీస్ అంటే ఒంటి మీద గెంతే చిన్న పురుగులు. అలర్జీ ఉన్న పిల్లికి ఒకటి రెండు కాట్లు చాలు, ఒళ్లంతా దురద మొదలవుతుంది. పిల్లి నాలుకతో శుభ్రం చేసుకుంటుంది కాబట్టి పురుగులు కంటికి కనిపించకపోవచ్చు. దువ్వినప్పుడు రాలిన నల్లటి నలుసులను తడి తెల్ల కాగితంపై వేసి చూడండి. ఎర్రగా మారితే అవి ఫ్లీస్ మలమే. తినే ఆహారం, దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి కూడా అలర్జీ తెస్తాయి.

ఈ తప్పు చేయొద్దు
కుక్కలకు వాడే కొన్ని ఫ్లీస్ మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయం దీన్ని సరిగా విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోయే ప్రమాదం ఉంది. పొరపాటున వేస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే. మనం వాడే ఆయింట్‌మెంట్లు పూసినా నాకేస్తుంది, జాగ్రత్త.

చికిత్స ఎలా?
ముందుగా తామర కాదని డాక్టర్ నిర్ధారిస్తారు. ఎందుకంటే అది ఇంట్లో వాళ్లకూ అంటుకుంటుంది. తర్వాత పిల్లులకు ప్రత్యేకంగా తయారైన ఫ్లీస్ మందు ఇస్తారు. ఇంట్లోని మిగతా పెంపుడు జంతువులకూ వాటికి సరిపడే మందు వాడాలి. ఫ్లీస్ గుడ్లు, పిల్ల పురుగులు ఎక్కువగా ఉండేది పరుపులు, నేల పగుళ్లలోనే. అందుకే దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి.

అయినా తగ్గకపోతే సుమారు 8 వారాలు పాత ఆహారం పూర్తిగా మాన్పించి, డాక్టర్ చెప్పిన కొత్త ఆహారం మాత్రమే పెట్టాలి. మధ్యలో ఒక్క చేప ముక్క పెట్టినా పరీక్ష వృథా! దురద తీవ్రంగా ఉంటే ప్రెడ్నిసొలోన్, సైక్లోస్పోరిన్ లాంటివి రాస్తారు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే షుగర్ వచ్చే అవకాశం ఉంది. కాబట్టి సొంతంగా కొనసాగించొద్దు.

వరంగల్‌లో ఎక్కడ?
వరంగల్ సమీపంలోని మామునూరులో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. అక్కడ గానీ, దగ్గర్లోని పశువైద్యుడి దగ్గర గానీ సలహా తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, పెడుతున్న ఆహారం వివరాలు రాసుకుని వెళ్తే డాక్టర్ పని సులువవుతుంది. అలర్జీ పూర్తిగా పోకపోవచ్చు.. కానీ కారణం తెలిస్తే దురద అదుపులో ఉంటుంది.