శ్రీశైల మార్గము

చందానగరమున ప్రాతఃకాలమున బయలుదేరినవారు మహానగరమును దాటి, డిండి, మన్ననూరుల మీదుగా మధ్యాహ్న భోజనవేళకు శ్రీమల్లికార్జునుని సన్నిధి చేరుదురు. అందుచే శ్రీశైలము ఎల్లప్పుడును ఇట్లే సులభగమ్యముగా నుండెనని మనవారు భ్రమపడుచుందురు. నల్లమల నడుమ, కృష్ణ ఒడ్డున నున్న ఆ గిరిపురి చరిత్ర యంతయు దారుల చరిత్రయే.

ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దిలో శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. 1377లో అనవేమారెడ్డి వీరశిరోమండపమును నిర్మించెను. అచట వీరభక్తులు తమ శిరస్సులను ఖండించి అర్పించుకొనెడివారు. రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించినది. చూపరులు మండపమును గూర్చి విస్మయపడుదురు గాని, నాకు విఠలాంబ మెట్లే ఘనముగా తోచును. తలలిచ్చిన వీరులు కొందరు. ఆ మెట్లు దిగి, స్నానమాడి, మరల ఎక్కిన వృద్ధులు లెక్కకు మిక్కిలి.

1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఆత్మకూరు, నాగలూటి దారిని ఈ కొండ నెక్కి, పిదప హైదరాబాదు మీదుగా కాశి కేగిరి. వారి ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. అప్పుడు కందనూరు నవాబు యాత్రికుల యొద్ద పన్ను గొనుచుండెను. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక ఆ భాగమును రెండుమారులు చదివితిని. ఆ నవాబు పాలన 1839లో అంతరించెను.

రాజులు మెట్లు కట్టించిరి సరే, అడవిలో దారి యెరిగినవారు చెంచులు. మల్లన్న తమ ఆడుబిడ్డను పెండ్లాడెనని, తమకు అల్లుడని వారు చెప్పుకొందురు. దోమలపెంట, ఈగలపెంట యను పేరులు విని మనవారు నవ్వుదురు. మనకు పెంట యన్న చెత్తకుప్ప, వారికి నివాసము. వటవర్లపల్లి చేరువ మల్లెలతీర్థము, లోతైన లోయలో సలేశ్వరము వారి నేలలోనివే. సలేశ్వరమునకు చైత్ర పూర్ణిమనాడే జనము పోవుదురు. మల్లెలతీర్థమును వానకాలము పిదప చూడవలెను. వేసవిలో ధార సన్నగిలును. పులుల రక్షితారణ్యమగుటచే రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 వరకు ఈ దారిని వాహనములను పోనీయరు. ఆ కట్టడి మంచిదే.

1960లో ఆరంభమైన శ్రీశైలము ఆనకట్ట రెండు దశాబ్దములకు నిలిచినది. దాని దీపములు మన యిండ్లలోను వెలుగుచున్నవి. కాని 1981లో సుమారు 100 గ్రామములవారు ఊళ్లు విడిచిపోవలసివచ్చెను. ఏ యూరివాడైనను తన పొలిమేర రాయి నీట మునుగుట చూడలేడు. ఆ జాబితా పల్లెలను స్మరింపక ఆనకట్టను మెచ్చుట నాకు చేతకాదు. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. నదుల కూడలిలోని రెండవ సంగమేశ్వరము మాత్రము ఉన్నచోటనే యుండి, ఏటేట నెలల తరబడి నీటి అడుగున నుండును. వేసవిలో నీరు తీయగా మొదట శిఖరము కనబడును. అప్పుడు అర్చకులు పడవపై పోయి, శిఖరమునకే పూజ జరుపుదురు.