కిలికి ‘నిమ్’, తెలుగు ‘మన’: ఒక సర్వనామ పరిశీలన

2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ తొలి భాగంలో కాలకేయులు మాట్లాడే కిలికి భాషను తమిళ గీతరచయిత మదన్ కార్కి కల్పించారు. దానిని వికృత ధ్వనుల సమూహంగా భావించి నవ్వుకున్న ప్రేక్షకులు అనేకులు; ఈ వ్యాసకర్త కూడా వారిలో ఒకరు. అయితే దానికి పదజాలమూ వ్యాకరణ నియమాలూ ఉన్నాయి. అందులో ‘మిన్’ అంటే నేను, ‘నిమ్’ అంటే నువ్వు. ఒకదానిని తిరగవేస్తే రెండవది వస్తుంది. ‘నేను’కు విరుద్ధం ‘నువ్వు’ అన్నది ఇక్కడి తర్కం. 1887లో జామెన్‌హోఫ్ ప్రకటించిన ఎస్పెరాంతోలోనూ ‘మల్’ అనే ఉపసర్గ చేర్చి వ్యతిరేకార్థాలు సాధిస్తారు. కాని అక్కడ ‘మి’ (నేను), ‘వి’ (నువ్వు) వేర్వేరు పదాలుగానే నిలిచాయి.

‘మిన్’ వినగానే తెలుగువారికి ఆకాశం స్ఫురిస్తుంది. ‘నిమ్’ సంగతి వేరు. మధ్యమ పురుష బహువచనానికి భాషావేత్తలు పునర్నిర్మించిన మూలద్రావిడ రూపం ‘నీమ్’. విభక్తి ప్రత్యయాలకు ముందు అది ‘నిమ్-’ అవుతుంది. కన్నడ ‘నిమ్మ’లో అది నేటికీ నిలిచి ఉంది. తెలుగు ‘మిమ్ము’లో మాత్రం తొలి నకారం మకారమైంది. ఈ పోలికను వ్యుత్పత్తిగా పొరబడరాదు.

అసలు చిక్కు ఈ వైరుధ్య తర్కంలోనే ఉంది. తెలుగులో ‘మేము’ శ్రోతను మినహాయిస్తుంది, ‘మనము’ కలుపుకుంటుంది. ఎస్పెరాంతోలో రెండింటికీ ఒకటే ‘ని’. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్సుల్లో పక్కన కూర్చున్న అపరిచితుణ్ణి “మనదే ఊరు?” అని అడగడం సాధారణం. ఈ వాడుక ఈ మూడు పట్టణాలకే పరిమితం కాదు గాని, దీనిని గమనించడానికి ఆ బస్సులకు మించిన చోటు లేదు. రూపం ఉత్తమ పురుష బహువచనం, అర్థం మధ్యమ పురుష ఏకవచనం. ‘నీది’ అంటే చనువు ఎక్కువవుతుంది, ‘మీది’ అంటే దూరం పెరుగుతుంది. ‘మనది’ ఆ రెంటినీ తప్పిస్తుంది. జవాబు తరచుగా “మాది కోదాడ” అని వస్తుంది. ప్రశ్న కలుపుకున్న శ్రోతను జవాబు మళ్ళీ వేరుచేస్తుంది! “మనం యాడికి పోవాలె?” అన్నప్పుడు ‘పోవాలె’కు పురుష ప్రత్యయం లేకపోవడం ఈ దాపరికానికి మరింత అనుకూలం.

తరగతిలో ‘మనము’ను ఉత్తమ పురుష బహువచనంగా మాత్రమే చెప్పి ముందుకు సాగిపోతాం. “మనదే ఊరు?”ను కిలికిలోకి మార్చమంటే ‘మిన్’ చాలదు, ‘నిమ్’ పెడితే ఊరు తెలుస్తుంది, అడిగినవారి మన్నన జారిపోతుంది.